అగ్గికుండ పట్టే చెయ్యి

ఉద్యమం రోజుల్లో జనగామ చౌరస్తాలో, రాష్ట్రం కోసం ప్రాణాలిస్తామని మైకు పట్టుకుని ప్రకటించిన వాళ్లను చాలామందిని చూశాను. నిజంగా ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఏ మైకులోనూ చెప్పి పోలేదు. చెప్పినవాళ్లంతా క్షేమంగా ఉన్నారు, కొందరు బాగా ఒళ్లు కూడా చేశారు. అదే చౌరస్తాలో ఒక గడ్డిబొమ్మకు కొడుకులా అగ్గికుండ పట్టి తలకొరివి పెట్టాల్సి వస్తే మాత్రం మనిషి దొరకలేదు. ప్రాణం ఇస్తానంటే అప్పటికప్పుడు అడిగి తీసుకునేవాడు ఎవడూ ఉండడు. కుండ అట్లా కాదు, తెచ్చి చేతిలో పెడతారు.

వెతికి వెతికి వాళ్లు చివరికి నా దగ్గరికి వచ్చారు.

అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మాది మహబూబాబాద్ దగ్గర, కురవికి పోయే తొవ్వలో ఒక లంబాడీ తండా. యాడి, అంటే మా అమ్మ, అక్కడే పత్తి ఏరే కూలికి పోయేది. చదువు కోసమని నన్ను జనగామలో మా మామ ఇంట్లో ఉంచింది. మామ ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. తండా దుమ్మును ఆయన ఎంత శుభ్రంగా దులుపుకున్నాడంటే, ఇంట్లో మా భాషలో ఒక్క మాట వినిపించినా అత్త లేచి కిటికీ మూసేది.

మా బాపు భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో ఇల్లు పెట్టుకున్నాడు. ఉద్యోగస్తుల వాడలో మామకు ఇది తలవంపులు. అందుకని ఆయన మా బాపును చంపేశాడు. బాయిలో పైకప్పు కూలి మీద పడిందనీ, ఆఖరి చూపు కూడా దక్కలేదనీ ఇరుగుపొరుగుకు చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు కూడా వణికించేవాడు. యాడి నన్ను చూడడానికి వస్తే, మా ఆడవాళ్లు పెళ్లయిన గుర్తుగా జుట్టుకు కట్టుకునే వెండి టోప్లీలను స్టేషన్లోనే విప్పించి సంచిలో వేయించేవాడు. తిరుగు రైలు ఎక్కాక యాడి వాటిని మళ్లీ కట్టుకునేది. చెల్లెలిని ప్లాట్‌ఫారం మీద విధవను చేసి, తిరుగు రైల్లో ముత్తయిదువను చేసే అన్నను నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కాలేజీలో ఇంకో తీరు. మన తెలుగును సినిమాల్లో ఎక్కిరించిండ్రని ఊరేగింపుల్లో గొంతు చించుకున్న అమ్మాయిలే, నేను నోరు తెరిస్తే నా తెలుగును ఎక్కిరించేవాళ్లు. "ఇంకోసారి అనవే, మా చెల్లె ఇనలేదట" అని చుట్టూ చేరి, మళ్లీ అనిపించి మరీ నవ్వేవాళ్లు. ఆత్మగౌరవం తమ దాకా వస్తే చాలు, తమ వెనక వరుసలో నిలబడ్డవాళ్ల దాకా రానక్కర్లేదు. నేను గొంతు తగ్గించుకుంటూ పోయాను. ఎంత తగ్గించానంటే, హాజరు పిలిచినప్పుడు బెంచీలో కూర్చునే ఉన్నా లెక్చరర్ నాకు గైరుహాజరు వేసేవాడు.

అంతలో సమ్మె మొదలైంది. కాలేజీ మూతపడింది. మామ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని చౌరస్తాలోని దీక్షా శిబిరం టెంటు కిందికి పోయేవాడు. ఇంట్లో ఊరికే ఉన్నానని అత్త నన్ను జొన్నలో మిరపకాయలో పట్టించుకురమ్మని పిండిగిర్నికి పంపేది.

గిర్ని ఊరి చివర, బచ్చన్నపేట రోడ్డు మీద ఉండేది. దాన్ని నడిపేది ఒక నడివయసు పటేలమ్మ. దేవరుప్పుల వైపు భూములున్న ఇంటి బిడ్డ, తల్లిదండ్రులకు ఒక్కతే సంతానం. తండ్రి పోయిననాడు పాలోళ్ల, అంటే దాయాదుల, కొడుకు ఒకడు అగ్గికుండ పట్టడానికి తయారై వచ్చాడు. కొడుకు స్థానంలో కుండ పట్టినవాడికి భూమి కూడా చెందుతుందని ఆ ఇంట్లో అందరికీ ముందే తెలుసు. ఆమె వాడి చేతిలోంచి కుండ గుంజుకుని పాడె ముందు తానే నడిచింది, తానే కొరివి పెట్టింది. కులపోళ్లు వెలి వేశారు. కొరివి పెట్టిన చేత్తో వడ్డిస్తే బువ్వ ఎట్లా తినాలని మొగుడు వెళ్లగొట్టాడు. ఆమె తన వాటా కోసం కోర్టుకెక్కి, వచ్చినదాన్ని అమ్మి, ఈ గిర్ని పెట్టుకుంది.

జనగామ ఆమెను ఎట్లా చూసేదో గిర్ని ముందు అర్ధగంట కూర్చుంటే తెలిసేది. గిన్నె ఎవరూ చేతికి ఇవ్వరు, నేల మీద పెట్టి జరుగుతారు. పెళ్లి పసుపు, పెళ్లి పిండి ఎంత దూరమైనా మోసుకుని ఇంకో గిర్నికి పట్టుకుపోతారు. కారం మాత్రం ఆమె దగ్గరే పట్టిస్తారు, ఎందుకంటే ఆమె సన్నగా పడుతుంది. అరిష్టానికి పసుపంటే మక్కువ, మిరపకాయంటే భయం కాబోలు.

నేను మొదటిసారి పోయిన రోజు కరెంటు లేదు. ఆమె గోనెసంచి మీద కూర్చుని పేపరును మొహానికి ఆనించుకుని చూస్తోంది.

"ఏందే పిల్లా, సదువొస్తదా?"

తల ఊపాను.

"తలకాయ నాకూ ఉన్నది ఊపనీకి. నా కండ్లద్దాలు పలిగినయ్. ఇగో, గిది సదువు."

చదివాను. చదువుతుండగానే కరెంటు వచ్చింది. ఆమె లేచి స్విచ్చు వేసింది. బెల్టు తిరిగింది, రేకుల కప్పు అదిరింది. నేను పేపరు మడిచాను.

"నిన్నెవలు ఆపుమన్నరు? సదువు."

చదివాను.

"ఇనవడ్తలేదు."

గొంతు పెంచాను.

"ఇనవడ్తలేదే! పిల్లికూనవా నువ్వు?"

కారం ఘాటుకు దగ్గుతూ, కళ్లలో నీళ్లు కారుతూ, జీవితంలో మొదటిసారి అరిచి చదివాను. అంత చప్పుడులో నా యాస ఎవరికీ వినిపించదు, మాట మాత్రమే వినిపిస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలిసే చేసిందో, వార్తల మీద ఆశతోనే చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చాలా మంచి మనిషి అని చెప్పి ఆమె పరువు తీయను. నోరు మిరపగిర్నే. నన్ను ఒక్కనాడూ బిడ్డా అని పిలవలేదు. కొత్త కళ్లద్దాలు వచ్చాక కూడా పేపరు మాత్రం నాతోనే చదివించింది.

చదువుతుంటే మధ్యలో అడ్డం వచ్చేది. "వేల సంఖ్యలో జనం పాల్గొన్నారు" అని చదివితే, "ఎవలు జూసిండ్రట? నేను గదే తొవ్వల వచ్చిన. నా గిర్నికి దసరా ముంగట అంతకంటె ఎక్కువ మంది వస్తరు" అనేది. "కన్నీటి పర్యంతమయ్యారు" అంటే, "ఆయన మొన్న నా దగ్గర కారం పట్టిచ్చుకున్నడు, అప్పుడు గూడ కన్నీటి పర్యంతమే" అనేది. నేను పడీపడీ నవ్వేదాన్ని. ఊళ్లో నన్ను చూసి కాకుండా నాతో కలిసి నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

మీ బాపు ఏం చేస్తాడని ఆమె కూడా ఒకసారి అడిగింది. మామ నేర్పిన పాఠం అప్పజెప్పాను, పైకప్పు, బాయి, ఆఖరి చూపు. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, జల్లెడ దులుపుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం శిబిరం నుంచి ముగ్గురు వచ్చారు. ముందు శిబిరం పెద్ద, రోడ్ల కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్లు మొదటి వానకే ఉద్యమించేవి. వెనక విద్యార్థి నాయకుడు. విద్య ఎప్పుడో అయిపోయి నాయకత్వం ఒక్కటే మిగిలినవాడు. మూడోవాడు కెమెరా మెడలో వేసుకున్న విలేకరి. మరునాడు ఒక మంత్రికి శవయాత్ర చేస్తున్నారు. గడ్డిబొమ్మ, పాడె, డప్పులు, అన్నీ పద్ధతి ప్రకారం.

"పటేలమ్మా, ఉద్యమానికి నీ సాయం గావాలె," అన్నాడు కాంట్రాక్టరు, గడప బయటే నిలబడి.

"బియ్యమైతే మొన్ననే ఇచ్చిన. రోడ్డు మీద వండుకొని తిన్నరు గద?"

"బియ్యం గాదు. రేపు అగ్గికుండ వట్టాలె. నీకైతే అలవాటే గదా అని..."

ఆమె గిర్ని ఆపింది.

"అలవాటా? నాకు ఒక్కడే బాపు. ఒక్కసారే సచ్చిండు." చేతులకంటిన పిండి దులుపుకుంది. "మీకెవలికీ బాపులు సచ్చిపోలేదా?"

విద్యార్థి నాయకుడు నేల చూశాడు. "మా బాపు సల్లగున్నడు అక్కా. బతికుండంగ పడితే మా అవ్వ ఉరివెట్టుకుంటది."

"మరి నువ్వు? మీ బాపు పోయి శాన దినాలాయె గద?"

"నేను పడ్దునమ్మా, నా పానం బోయినా పడ్దును," అన్నాడు కాంట్రాక్టరు. "గని ఇంట్ల బిడ్డ పెండ్లి వెట్టుకున్న. లగ్గం ముంగట కుండ వడితే మంచిగుండదని అయ్యగారు అన్నడు."

"పానం ఇస్తవు, కుండ పట్టవు."

"మనసు నొప్పిచ్చే మాట ఎందుకు పటేలమ్మా!"

అప్పుడు విలేకరి నన్ను చూశాడు. "ఈ పిల్ల మన గుమాస్తా సారు మేనగోడలు గదా? ఈమెకు బాపు లేడు గదనే?" కాంట్రాక్టరు వైపు తిరిగి, "ఆడపిల్ల పట్టుకుంటే ఫోటో అస్తదన్నా. జిల్లా పేజీల పైన ఏస్తరు," అన్నాడు.

ముగ్గురి మొహాలూ ఒక్కసారి వెలిగాయి. అంతమంది పెద్దవాళ్లు నా వైపు అట్లా చూడడం అదే మొదలు. పేపర్లో నా ఫోటో. కాలేజీలో నాతో అనిపించి నవ్విన అమ్మాయిలు అది చూస్తారు. పటేలమ్మ ఏమైనా అంటుందేమోనని ఆమె వైపు చూశాను.

"నన్నేం జూస్తవ్? కుండ నీ చేతికిస్తున్నరు," అంది.

సరేనన్నాను. విలేకరి ఆమె గిర్ని మూలనున్న ఖాళీ కుండ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, గోడ ముందు నిలబెట్టి, రేపు గుంపులో సరిగ్గా దొరకదని అప్పుడే ఫోటో తీసుకున్నాడు. "జర బాధగ చూడు," అన్నాడు.

వాళ్లు పోయాక ఆమె గిర్ని వెయ్యలేదు.

"మీ యాడి తలకు ఏం వెట్టుకుంటది?" అని అడిగింది.

చేతిలోని ఖాళీ కుండను మూలన పెట్టాను.

"మొన్న రైల్టేషన్ల జూసిన. బండెక్కినంక టోప్లీలు కట్టుకుంటున్నది. నువ్వు కిందనుంచి చెయ్యి ఊపుతున్నవ్."

అప్పుడు చెప్పాను. భూపాలపల్లి, ఇంకో ఇల్లు, మామ కట్టిన కథ, అన్నీ. ఏడుస్తూ చెప్పానేమో, "ఇనవడ్తలేదు" అంది, గిర్ని ఆగి ఉండగానే. కళ్లు తుడుచుకుని మళ్లీ చెప్పాను.

"ఆయన మీద కోపమున్నదా?"

"ఉన్నది."

"ఉంటే పోయి ఆయన్ని తిట్టు. తిట్టనీకి మనిషి బతికుండాలె గద! రేపు నువ్వు కుండ వడితే, పదిమంది ముంగట మా బాపు సచ్చిండని నీ నోటితోటి నువ్వే చెప్పినట్టు. నాడు మీ మామ చెప్పిండు, రేపు నువ్వు చెప్తవ్. మల్ల బతికిచ్చుడు నీతోటి గాదు. మీ యాడి ఆ టోప్లీలు బండిల గూడ కట్టుకోదు."

"వస్తనని చెప్పిన గద..."

"చెప్పినవ్. పో. పట్టుడా, ఇడుసుడా, నీ ఇష్టం. ఎవల్నీ అడిగి పట్టలే నేను."

మరునాడు పోయాను. చౌరస్తాలో టెంటు ముందు పాడె మీద బొమ్మ సిద్ధంగా ఉంది. డప్పులు మోగుతున్నాయి. మామ ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. మేనకోడలు చేయబోయే త్యాగంలో తన వాటాను ఆయన అప్పటికే మొహానికి పూసుకున్నాడు. కాంట్రాక్టరు మైకు అందుకున్నాడు.

"తండ్రిని పోగొట్టుకున్న ఈ గిరిజన బిడ్డ... బొగ్గుబాయి మింగిన ఆ తండ్రికి కొరివి వెట్టే భాగ్యం లేకున్నా... ఇయ్యాల తెలంగాణ కోసం..."

"మా బాపు బతికే ఉన్నడు," అన్నాను.

నా చేతిలో మైకు లేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి. అయినా ఆఖరి వరుస దాకా తలలు తిరిగాయి. కారం గిర్ని మీదుగా వారాల తరబడి పేపరు చదివిన గొంతుకు డప్పులు ఒక లెక్క కాదు. ఒక్కొక్క డప్పే ఆగింది.

"ఏమంటున్నవమ్మా?"

"మా బాపు సచ్చిపోలే. భూపాలపల్లిల ఉంటడు. ఇంకో పెండ్లి చేసుకున్నడు. సచ్చిండని మా మామ అబద్ధం చెప్పిండు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నా యాసకు కాదు. మామ కండువా మొహం మీదికి లాక్కున్నాడు.

నేను చేయి చాపాను. "కుండ పడ్త, ఇయ్యుండ్రి. మా బాపు బతికున్నడని తెలిసే పడ్త."

కుండ పట్టుకున్న విద్యార్థి నాయకుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మో, వద్దు! బతికున్నోళ్ల బిడ్డ పడితే మనందరికి సుట్టుకుంటది." మరి నీకూ బాపు బతికే ఉన్నాడు కదా, కుండ నీ చేతిలోనే ఉంది కదా అని ఎవరో అరిచారు. అతను కుండను తేలు పాకినట్టు కింద పెట్టేశాడు. దాన్ని ఆటో ముందు కట్టి తీసుకుపోదామన్నారు. "మా నాయిన గూడ ఉన్నడన్నా," అని ఆటో డ్రైవరు బండి తిప్పుకుని పోయాడు. చివరికి కుండను అక్కడే వదిలి, పాడెను పక్క సందులోకి మోసుకుపోయి, పెట్రోలు పోసి లైటరుతో అంటించారు. రాత్రి వానకు తడిసిన గడ్డి. మంత్రి మీసాల వరకే కాలాడు.

నేను ఇంటికి చేరేసరికి నా సంచి అరుగు మీద ఉంది. అత్త లోపలి నుంచి, మా భాషలోనే, ఊరంతా వినేటట్టు తిట్టింది. ఆ రోజు కిటికీ మూయడం మరిచిపోయింది. సంచి భుజాన వేసుకుని గిర్నికి పోయాను. పటేలమ్మ వెనక గదిలో గోనెసంచులు ఒక పక్కకు జరిపి, "చాప అగో, గాడున్నది" అంది. అంతే.

తెల్లారి పేపరు వచ్చింది. జిల్లా పేజీ పైభాగాన నేను. ఖాళీ కుండ పట్టుకుని, చెప్పినట్టే బాధగా చూస్తున్నాను. తండ్రిలేని విద్యార్థిని మంత్రి దిష్టిబొమ్మకు తలకొరివి పెట్టిందనీ, వేలాదిమంది కన్నీటి పర్యంతమయ్యారనీ వార్త. విలేకరి దాన్ని ముందు రోజే రాసి పంపాడు. జరిగింది చూశాక మార్చే ఓపిక అతనికి లేదు, అడిగే అవసరం ఆఫీసులో ఎవరికీ లేదు. తర్వాత నేను బతికింది ఆ వృత్తిలోనే. చావు వార్త ఏది వచ్చినా ఆ ఇంటికి ఫోన్ చేయనిదే పేజీలో పెట్టను. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని ముసలి చాదస్తం అంటారు. ఆ కాంట్రాక్టరు త్యాగాల మీద వ్యాసాలు ఇప్పటికీ వాళ్లే దిద్దుతారు.

"ఇంక దాన్ని అట్ల మడిచి పట్టుకొని ఎందుకు కూసున్నవ్?" అంది పటేలమ్మ.

"భూపాలపల్లికి గూడ పోతది పేపరు."

"పోతది. నువ్వు గూడ పో."

బస్సులు మళ్లీ నడవగానే పోయాను. బొగ్గు లారీల దుమ్ములో, బాయి పనివాళ్ల వాడలో, మా బాపు రేకుల ఇల్లు అడిగి తెలుసుకున్నాను. రోడ్డుకు అవతల, గుమ్మంలో కూర్చుని బీడీ తాగుతున్నాడు. మెడలో కొత్త నల్లతాడు, గుమ్మానికి ఎండు మిరపకాయలు, నిమ్మకాయలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రోడ్డు దాటబోయాను.

"ఆడనే ఉండు! ఇంట్లకు రాకు," అన్నాడు చెయ్యి అడ్డం పెట్టి. "నాకు కొరివి వెట్టినవట గద. పేపర్ల ఏసిండ్రు. చాయ్ హోటల్ల అందరు సదివిండ్రు. శాంతి చేపిచ్చుకున్న, నల్లకోడి గూడ కోసిన."

"నేను పట్టలే బాపు."

"ఫోటో పడ్డది!"

"ఖాళీ కుండ అది. నేను పట్టలే."

"ఫోటో అబద్ధం చెప్తదా?"

కన్న కూతురు ఎదురుగా నిలబడి చెబితే నమ్మని మనిషి, చాయ్ మరకల పేపరును నమ్మాడు. ఇల్లు విడిచిపోయిననాడు శాంతి చేయించుకోవాలని ఆయనకు తట్టలేదు. మా మధ్య నుంచి బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఆయన పెదవులు కదలడం తప్ప మాట వినిపించడం లేదు. కొత్తామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నేను ఊపిరి తీసుకున్నాను.

"నువ్వు బతికే ఉన్నవ్ బాపూ! నేను కొరివి వెట్టలే! మా యాడి ఇంక టోప్లీలు ఇప్పదు! జనగామల ఇప్పదు, కురవిల ఇప్పదు! నువ్వు సచ్చినవని ఎవ్వలన్నా అంటే నీ పేరు, నీ ఇల్లు, నీ కొత్త పెండ్లం అన్నీ చెప్త!"

పక్క ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. నీళ్ల బిందెలతో పోతున్న ఆడవాళ్లు ఆగారు. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నిమ్మకాయలు ఊగాయి. కొత్తామె బయటే ఉండిపోయి, మూసిన తలుపును, నన్ను మార్చి మార్చి చూసింది.

జనగామలో బస్సు దిగేసరికి పొద్దు వాలింది. గిర్ని ముందు నేల మీద గిన్నెలు వరుసగా ఉన్నాయి, వాటి సొంతదారులు దూరంగా నిలబడ్డారు. పటేలమ్మ మిరపకాయలు పోస్తూ, తల తిప్పకుండానే అడిగింది.

"ఇనవడ్డదా ఆయనకు?"

"వాడకట్టంత ఇనవడ్డది," అన్నాను.

"అయితే పేపర్ దియ్యి," అని స్విచ్చు వేసింది.